అతుకు తెలియని పట్టీ

మా తమ్ముడు తన జీవితంలో గట్టిగా కోరుకొన్నది ఒక్కటే. తన చేతిమీదుగా తయారైన పట్టీ సైన్యం వాడుకలోకి రావాలి. మంచు విడవని కొండశిఖరాలమీద కాపలా ఉండే సైనికులకు సరుకులను పెట్టెలలో పెట్టి విమానాలనుంచి దించుతారు. పెట్టెకు కట్టిన పారాచూట్ ఆకాశంలో ఒక్కసారిగా విచ్చుకొన్నప్పుడు బలమైన కుదుపు పుడుతుంది. ఆ కుదుపుకు కట్లు తెగి పెట్టెలు లోయలలో పడిపోవడం, లోపలి కిరసనాయిలు డబ్బాలు పగిలిపోవడం కద్దు. ఆ కుదుపును తాను భరించి పెట్టెను కాపాడే పట్టీని బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో రూపొందించారు. రూపొందించినవారిలో మా తమ్ముడిది చిన్న ఉద్యోగం. ఆ పట్టీమీద అందరికంటె ఎక్కువ ఆశ పెట్టుకొన్నవాడు మాత్రం వాడే.

పట్టీకి రెండు పొరలు. ఆ పొరలను పట్టి ఉంచుతూ అడ్డంగా సన్నని పోగులు నేసి ఉంటాయి. కుదుపు తగలగానే ఆ సన్నని పోగులు వరుసగా తెగుతూ పోతాయి, పొరలు మెల్లగా విడివడతాయి. అలా తెగడంలోనే కుదుపు బలం హరించుకుపోతుంది. పొరలు మాత్రం తెగవు, చివరిదాకా బరువును మోస్తాయి. తమ్ముడు ఈ సంగతిని నాకు పెనుకొండలో మా ఇంటి అరుగుమీద కూర్చుని ఒక పాత చీర అంచును చీల్చి చూపిస్తూ వివరించాడు. తెగవలసినది తెగడం చేతనే తెగకూడనిది నిలుస్తుందన్న ఆ మాట నాకు చాలా నచ్చింది. నేను జీవితమంతా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. యంత్రాల గురించి నాకు తెలిసినది శూన్యం. అయినా ఒక మంచి పద్యంలో భావం నిలబడే తీరు, ఆ పట్టీ నిలబడే తీరు ఒకటేననిపించింది.

తొంభైల నడుమ వాడు ఉద్యోగం విడిచి హిందూపురం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు తీసుకొన్నాడు. ప్రయోగశాలలో పుట్టిన వస్తువు ప్రయోగశాలలోనే ఉండిపోతే ఎవరికీ ఉపయోగం లేదని, ఎవరో ఒకరు బయట తయారుచేసి ఇవ్వాలని, ఆ ఎవరో తానే కావాలని వాడి నిశ్చయం. పెద్ద మిల్లులు ఇంత కొద్దిపాటి నేతకు ఒప్పుకోలేదు. అదీగాక అడ్డపోగుల బిగువు అన్నిచోట్లా సమంగా ఉండాలి. అది చేతికి తెలియవలసిన పని.

"అన్నా, ధర్మవరంలో నీకు తెలిసిన మంచి నేతగాడు ఎవరైనా ఉన్నాడా?" అని వాడు నన్ను అడిగాడు.

ఉద్యోగపు తొలినాళ్లలో నేను ధర్మవరంలో ఒక నేతగాడి ఇంటి ముందుభాగంలో అద్దెకు ఉండేవాణ్ణి. ఆయన నాకంటె కొంచెం చిన్నవాడు. పట్టుచీర అంచును ఒడలితో కలిపే నేతలో ఆయనకు సాటి ఆ వీధిలో లేడని అక్కడివారే చెప్పుకొనేవారు. పాసింజరు బండిలో ఇద్దరమూ ధర్మవరం పోయాము. ఆయన మగ్గం గుంతలోనుంచి లేవకుండానే పట్టీ నమూనాను అందుకొని వేళ్లమధ్య నలిపి చూశాడు.

"ఏమప్పా, ఇది పైటంచు వెడల్పు గూడా లేదు. దీన్ని ఎవురు కట్టుకొంటారు?"

"కిరసనాయిలు డబ్బాలు కట్టుకొంటాయి" అన్నాడు తమ్ముడు.

లోపల పంటెకు దారం చుట్టుతున్న ఆయన భార్య నవ్వింది. "అయితే కొంచెం జరీ వెయ్యండి. డబ్బాలకు మాత్రం సింగారం వద్దా?"

"నువ్వు ఊరుకోవే. అయ్యవారు వచ్చుండారు" అని ఆమెను కసిరి, మళ్లీ మా వైపు తిరిగాడు ఆయన. "చేస్తాను సామీ. సిపాయిల పని అంటాండారు గదా. పుణ్యం."

తమ్ముడు నైలాన్ దారాన్ని ఆయనకు అప్పగించేటప్పుడు చెప్పిన మాట నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ దారం మామూలు అంగళ్లలో దొరకదు. ప్రయోగశాలవారు తమ నిలువలోనుంచి నమూనాల కోసం కొంచెం ఇచ్చారు. అది కూడా చిన్నచిన్న పడుగులకు, అంటే మగ్గంమీది నిలువుపోగుల వరుసలకు, మాత్రమే చాలుతుంది.

"ఇది మళ్లా రావాలంటే ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. ఒక మూర గూడా వృథా పోగూడదు" అన్నాడు తమ్ముడు.

"నా మగ్గం మీద మూర వృథా పాయ అని యాడన్నా వింటివా?" అని ఆయన కొంచెం నొచ్చుకొన్నట్లు అన్నాడు.

పట్టీ తయారైంది. హిందూపురం షెడ్డులో ఎత్తైన ఇనుపదూలానికి గొలుసు వేసి, ఇసుకమూటలను పట్టీతో కట్టి కిందికి వదిలి చూశాము. సన్నని పోగులు పటపటమని వరుసగా తెగాయి. మూట నేలకు జానెడు ఎత్తులో ఆగి ఊగింది. బెంగళూరునుంచి వచ్చిన ప్రయోగశాల అధికారి పట్టీని తన చేతులతో లాగి చూసి తృప్తిపడ్డాడు. ఇక మా పని అయిపోయింది, ఇది సైన్యంవారి చేతిలో ఉందని చెప్పి మా ఇంటినుంచి తెచ్చిన బొరుగుల ఉగ్గాణి తిని పోయాడు.

ఆ మాటకు అర్థం మాకు తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది. మన పురాణాలలో గురువు అస్త్రాన్ని ఉపదేశించిన క్షణంలోనే అది శిష్యుడి వశమవుతుంది. మంత్రానికీ ప్రయోగానికీ నడుమ అక్కడ ఒక శ్వాస మాత్రమే దూరం. మా తమ్ముడి పట్టీకి ఆ నడుమ దూరం ఒక దేశమంత ఉన్నది. రూపొందించినవారు బాగుందంటే చాలదు, వాడుకొనేవారు తమ నేలమీద, తమ విమానంతో పరీక్షించాలి. వారు బాగుందన్న తరువాత నాణ్యత చూసేవారు వేరే. వారూ సరేనన్నాక కొనేవారు వేరే. వీరిలో ఏ ఒక్కరూ మా పట్టీకి శత్రువులు కారు. ప్రతి ఒక్కరూ మర్యాదగా మాట్లాడేవారే, ఎదుటివారి నిర్ణయం కోసం ఎదురుచూసేవారే.

సైన్యంవారి పరీక్షకు పిలుపు వచ్చినప్పుడు తమ్ముడు కొత్త చొక్కా కుట్టించుకొన్నాడు. ఉత్తరాదిన ఎక్కడో ఒక విమానస్థలం. వాడు తిరిగి వచ్చిన రోజున నేను హిందూపురం స్టేషనుకు పోయాను. బండి దిగి నా దగ్గరకు వచ్చి, సంచీ కింద పెట్టకుండానే అన్నాడు.

"ఒకటి తెగిపాయన్నా."

తక్కిన పెట్టెలన్నీ క్షేమంగా దిగాయట. ఒక్క పెట్టె మాత్రం అందరు అధికారులూ చూస్తుండగా పారాచూట్ నుంచి విడివడి నేలమీద పడి ముక్కలైంది. పొరలు విడివడుతూ విడివడుతూ ఒకచోట బరువు మోసే పొరే తెగిపోయింది. ఒక పెద్ద అధికారి తమ్ముడి భుజంమీద చేయివేసి, మీ ఆలోచన బాగుంది, కాని తెగినదాన్ని చూసి కూడా మావాళ్లకు ఎట్లా ఇస్తాము అన్నాడట. "ఆయన మాట న్యాయమే గదన్నా" అన్నాడు తమ్ముడు. వాడి సంచీలో ఆ తెగిన పట్టీ ఉన్నది.

మరుసటి ఉదయమే ధర్మవరం పోయాము. వీధి పొడవునా పడుగులు సాగదీసి ఉన్నాయి. పిల్లలు వాటి కింద దూరి ఆడుకొంటున్నారు. నేతగాడు పట్టీ తెగిన చోటును తన కంటి దగ్గరకు తీసుకొన్నాడు. ఆయన ముఖంలో కలవరం కనబడుతుందని నేను సిద్ధపడి ఉన్నాను. కనబడినది సంతోషం.

"సరిగ్గా అతుకు దగ్గరే కోసి తెచ్చినారే! అతుకు ఈడుండాదని ఎట్ల కనుక్కొంటిరి సామీ? నా చేతికే తెలీదు."

నేత తెలిసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతాను. ధర్మవరంలో మగ్గాన్ని ఖాళీగా ఉంచరు. ఖాళీ మగ్గం ఇంటికి అరిష్టమని వారి నమ్మకం. ఒక పడుగు పూర్తి కావస్తుండగా దాని చివరి కొసలను మగ్గంమీదనే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును ఆ కొసలకు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెడతారు. వేలాది పోగులు అలా ముడి లేకుండా కలుస్తాయి. పట్టుకు ఆ మెలిక చాలు. చీరలో ఆ అతుకు రాకుండా రెండు చీరల నడుమ కొంచెం పడుగును విడిచిపెడతారు. అది వృథా.

ఒక మూర కూడా వృథా పోకూడదని మా తమ్ముడు చెప్పాడు. అందుచేత ఆయన నైలాన్ పడుగులను ఒకదానికొకటి మెలిపెట్టి, అతుకును విడిచిపెట్టక దానిమీదుగానే నేసుకొంటూ పోయాడు. కంటికి కనబడకుండా, వేలికి తగలకుండా నేశాడు. ఆయన తన పనితనానికి పరాకాష్ఠ అనుకొన్నది అదే. నైలాన్ నున్ననిది, బూడిదకు లొంగనిది. ఇసుకమూటల పరీక్షలో అతుకు లేని ముక్కలు వచ్చాయి. అన్ని ముక్కలలో ఒకదానిలో మాత్రం అతుకు బరువు మోసే చోట పడింది. సైన్యంవారి పట్టీలో అతుకు ఉండరాదన్నది తమ్ముడికి ఊపిరి పీల్చినంత సహజమైన విషయం గనుక వాడు చెప్పలేదు. అతుకు లేకుండా నేత ఉండదన్నది నేతగాడికి అంతే సహజమైన విషయం గనుక ఆయన అడగలేదు.

తమ్ముడు ఆ తెగిన పట్టీని మడిచి సంచీలో పెట్టుకొన్నాడు. తరువాత ఎంతో మామూలుగా అన్నాడు.

"ఈ మాదిరి అతుకు ఈ పనికి వద్దప్పా. ఈసారి అతుకు చోటంతా విడిచిపెట్టెయ్. దారం పోతే పోనీ."

"మూర గూడా పోగూడదంటివి గదా?"

"అప్పుడంటిని. ఇప్పుడు పోనీ అంటాండా."

నేతగాడు నా వైపు తిరిగాడు. "అయ్యవారూ, అతుకు విడిచిపెట్టి ఎవురైనా నేస్తారు. పక్కింటి పిల్లోడు గూడా నేస్తాడు. దానికి నేనెందుకు?" ఆయన భార్య గడపలో నిలబడి, "నీ అతుకు సోకు సిపాయిలకు ఎందుకయ్యా, చెప్పినట్ల చెయ్యి" అన్నది. ఆయన గొణుగుతూనే ఒప్పుకొన్నాడు. బయటికి వచ్చాక తమ్ముడు నా చేయి పట్టుకొన్నాడు.

"ఆయనకు చెప్పొద్దన్నా. తన చేతిమీద తెగింది అని తెలిస్తే మళ్లా మగ్గం ముట్టుకోడు."

అతుకు లేని పట్టీలు సిద్ధమయ్యాయి. షెడ్డులో గూళ్ల నిండా చుట్టలు చుట్టి పెట్టాడు తమ్ముడు. కాని మళ్లీ పరీక్షకు విమానం దొరకలేదు. దొరికేనాటికి పరీక్ష పెట్టవలసిన అధికారి బదిలీ అయ్యాడు. ఆయన స్థానంలో వచ్చినవారు ఇంతకంటె ఎక్కువ బరువు మోసేది కావాలన్నారు. ప్రయోగశాలలో పట్టీని అందుకు తగినట్లు మార్చారు. మార్చినది కొత్త వస్తువు గనుక మళ్లీ మొదటి మెట్టునుంచి రావాలన్నారు. తమ్ముడు నెలకొకసారి బెంగళూరు పోయివచ్చేవాడు. తిరిగి పెనుకొండ వచ్చి మా ఉమ్మడి ఇంట్లో అన్నం తిని, "దాదాపు అయిపాయన్నా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా వాడి భార్య, మా మరదలు, వాడి కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించేది. ఆమె ఒకనాడు నాతో, "బావగారూ, ఆ మాట నాకు దేవుడి గంటమాదిరి అయిపోయింది. చప్పుడు వినబడతాది, తలుపు మాత్రం తెరుచుకోదు" అన్నది. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. అలసట ఉన్నది.

కొండలమీద యుద్ధం జరిగిన ఆ వేసవిలో తమ్ముడు టీవీ ముందునుంచి కదిలేవాడు కాడు. శిఖరాలమీద సైనికులు నీటికి, తిండికి, గుండ్లకు ఎదురుచూస్తున్నారని వార్తలలో చెప్పేవారు. ఒకనాడు ఉదయాన్నే వాడు షెడ్డులోని చుట్టలన్నీ ఒక వ్యానులో వేసుకొని బెంగళూరు పోయాడు. వీటికి ఏమీ ఇవ్వనక్కరలేదు, తీసుకొనిపోయి వాడుకోండని అడిగాడు. అక్కడివారు వాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆమోదం లేని వస్తువును సైనికుడి చేతికి ఇవ్వరాదని మెల్లగా చెప్పారు. వాడు అదే వ్యానులో వాటిని తిరిగి తెచ్చాడు. వారు చెప్పిన మాటలో తప్పు వెదకడానికి నేను చాలా ప్రయత్నించాను. దొరకలేదు. ఒకసారి తెగిన పట్టీని నమ్మి మళ్లీ పరీక్షించకుండా మరొకరి బిడ్డల నెత్తిన పెట్టమని ఎవరు అడగగలరు? ఒక దుర్మార్గుడైనా ఎదురుపడితే ద్వేషించి ఊరట పొందవచ్చు. మాకు అదైనా దక్కలేదు.

ఆ తరువాత గూళ్లలోని చుట్టలు చూడడం వాడికి కష్టమైంది. షెడ్డుకు ఎదురుగా బెల్లం మండీకి పోయే లారీలు ఆగేవి. వాడు పట్టీలను డ్రైవర్లకు పంచిపెట్టాడు. తాళ్లకు బదులు బెల్లం బస్తాలమీద టార్పాలిన్ కట్టుకోమన్నాడు. వారం తిరగకముందే సోమందేపల్లి డ్రైవరు ఒకడు చుట్టను తెచ్చి షెడ్డు ముందు పడేశాడు.

"ఏం సారూ, సిపాయిల పట్టీ అంటివి. గుంతలో బండి ఎగిరితే సర్రున చీలుకొంటాది. టార్పాలిన్ గాలికి రెక్కలు కట్టుకొని పాయ. మా పాత తాడే మేలు."

తమ్ముడు ఆ చీలిన పట్టీని చేతిలోకి తీసుకొని పరిశీలించాడు. ప్రతి అడ్డపోగూ సమంగా, ఒక్కటీ తప్పకుండా తెగి ఉన్నది. బరువు మోసే పొరలు చెక్కు చెదరలేదు.

"సరిగ్గానే పనిచేసిందప్పా" అన్నాడు వాడు.

"పనిచేసిందా! సార్ బలే జోకులేస్తారు" అని డ్రైవరు నవ్వుతూ పోయాడు. తమ్ముడు కూడా నవ్వాడు. వాడు అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, తరువాత చూడాలని కోరుకోలేదు.

ఎన్నో ఏళ్లు గడిచాయి. శతాబ్దం మారింది. ఇక ఎవరూ అడగని కాలంలో మళ్లీ పరీక్షకు పిలుపు వచ్చింది. బరువు పెంచిన కొత్త పట్టీకోసం ప్రయోగశాల ఇచ్చిన దారంతో నేతగాడు ఎప్పుడో నేసి ఇచ్చిన చివరి పట్టీలను తీసుకొని తమ్ముడు పోయాడు. ఈసారి కొత్త చొక్కా లేదు. అన్ని పెట్టెలూ దిగాయి. ఒక్కటీ తెగలేదు. కొద్ది నెలలకు పట్టీ ఆమోదం పొందింది. మొదటి ఆర్డరు కూడా వచ్చింది. తమ్ముడు ఆ సంగతి నాకు ఫోనులో చెప్పాడు. నేను దేవుడి పటం ముందు దీపం పెట్టాను.

మరునాడు ధర్మవరం పోయాము. వీధి మొదటినుంచే మరమగ్గాల దడదడ వినబడింది. సాగదీసిన పడుగులు ఎక్కడా లేవు. నేతగాడి ఇంట్లో మగ్గం గుంతను మట్టితో పూడ్చి సిమెంటు పరిచారు. దానిమీద వేసిన మంచంలో ఆయన పడుకొని ఉన్నాడు. రెండు కళ్లలోనూ పొర పేరుకొని ఉన్నది. చేతులు తమంతట తామే వణుకుతున్నాయి. ఆయన భార్య మమ్మల్ని గుర్తుపట్టి, "అయ్యవారు వచ్చినారు చూడు, డబ్బాల సారు గూడా వచ్చినాడు" అన్నది.

ఆయన లేచి కూర్చోబోయాడు. తమ్ముడి చేతిని తడుముకొని పట్టుకొన్నాడు.

"సామీ, ఎన్నేండ్లాయ. మన పట్టీలు బాగా పనిచేస్తాండాయా? ఆ కొండలమీద?"

తమ్ముడు ఆయన చేతిమీద తన రెండో చేయి వేశాడు. నేను నేలవైపు చూశాను.

"పనిచేస్తాండాయి" అన్నాడు వాడు.

"యుద్ధం అప్పుడు టీవీలో పెట్టెలు దింపేది చూపించినారు. ఇది మనదేనే అని దీనికి చెప్తిని. ఇది నమ్మలా."

"నమ్మితినిలే" అన్నది ఆమె. "వీధంతా చెప్పుకొని తిరిగినావు గదా."

ఆర్డరు సంగతి తమ్ముడు ఎత్తలేదు. వణుకుతున్న ఆ చేతులను చూసిన తరువాత ఎత్తి ప్రయోజనం లేదు. కాఫీ తాగి లేచి వచ్చాము. తరువాత వాడు మిగిలిన చేతిమగ్గాలవారి ఇళ్లన్నీ తిరిగాడు. కొందరు పట్టు తప్ప మరేదీ ముట్టుకోబోమన్నారు. ఒకరిద్దరు ప్రయత్నించారు. అడ్డపోగుల బిగువు వారికి చిక్కలేదు. మరమగ్గంమీద నేయించి చూశాడు. షెడ్డులోని ఇసుకమూట మొదటి కుదుపుకే నేలను తాకింది. నేతగాడి పిల్లలు ఆ పని నేర్చుకోలేదు. ఒకరు బెంగళూరులో కాపలాదారు, ఇంకొకరు హిందూపురంలో స్పిన్నింగు మిల్లు పనివాడు. నేర్చుకోలేదని వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. ఒక్క పట్టీ కోసం, అదీ ఎప్పటికో వస్తుందో రాదో తెలియని ఆర్డరు కోసం, ఎవరు ఒక చేతిని ఇరవై ఏళ్లు సిద్ధంగా ఉంచుకొంటారు?

గడువు పొడిగించమని తమ్ముడు ఒకసారి కోరాడు. పొడిగించారు. మళ్లీ కోరడానికి వాడికి ముఖం చెల్లలేదు. సరఫరా చేయలేనని తానే చెప్పివచ్చాడు. అక్కడివారు విచారం వెలిబుచ్చారు. అప్పటికే వేరే దేశంనుంచి వస్తున్న పట్టీలతో వారి పని జరిగిపోతున్నది. షెడ్డులో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు పోతపోస్తున్నారు.

ఆమోదం మాత్రం రద్దు కాలేదట. వాడుకకు యోగ్యమైన వస్తువులలో మా పట్టీ ఈనాటికీ ఉన్నదని తమ్ముడు ఇంటికి వచ్చినవారికి చెబుతూ ఉంటాడు. అది నేయగలిగిన చేయి ఈ భూమిమీద లేదన్న సంగతిని చెప్పడు. ఆమోదం మాట చెప్పేటప్పుడు వాడి గొంతులో గర్వం వినబడుతుంది. ఇన్నేళ్లలో నేను చూసిన వాడి ఓటములన్నిటినీ భరించాను. ఆ గర్వాన్ని మాత్రం భరించలేక, ఆ మాట మొదలైనప్పుడల్లా లేచి ఏదో పని ఉన్నట్లు పెరట్లోకి పోతుంటాను.